షోలింగర్ కొండ కింద అమ్మ

అమ్మ పోయాక బీరువా సర్దుతుంటే పట్టుచీరల కింద చిన్న గుడ్డ సంచీలు దొరికాయి. మొత్తం పద్నాలుగు. అన్నీ కలంకారీ ముక్కలతో కుట్టినవే. అరచేయంత సైజు, ఒక్కోదానికి రెండేసి జేబులు. ఒక జేబు మీద ఎర్రటి సూర్యుడు, రెండోదాని మీద నల్లగీతల నెలవంక. లోపలివైపు 14416 అని రాసి ఉంది. లాకర్ నంబరేమోనని తమ్ముడు పాపం బ్యాంకుకి కూడా వెళ్ళొచ్చాడు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్ నంబరది. ఆ సంగతి తర్వాత నేనే కనుక్కున్నాను. కానీ రెండు జేబులెందుకో మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. పిన్ని ఒక సంచీ తాళాలకని తీసుకుంది. పిల్లలు పెన్సిళ్ళకన్నారు. పక్కింటావిడ కళ్ళజోడుకి బాగుంటుందంది. అలా పంచగా నాకు మూడు మిగిలాయి.

శ్రీకాళహస్తిలో పుట్టినవాళ్ళందరికీ కలంకారీ వచ్చేస్తుందనుకుంటారు. అమ్మకి పెళ్ళయ్యేదాకా ఆ పని ఏమీ తెలియదు. మా వీధిలో ఒక పెద్దాయన దగ్గర నేర్చుకుంది. 1950ల చివర్లో హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పట్టుబట్టి ఊళ్ళో శిక్షణ కేంద్రం పెట్టించబట్టే ఈ విద్య నిలిచిందని ఆయన పదే పదే చెప్పేవారట. నా చిన్నప్పుడు మా ఇంటి వాసనే వేరు. గాడా అనే ముతక నూలుగుడ్డని కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరేస్తే పెరడంతా పులిసిన పాల కంపు. వంటింటి మూల కుండలో ఇనుప తుక్కు, బెల్లం, నీళ్ళు కలిపి ఊరబెట్టేది. మూడు వారాలకి అది కసిం, అంటే కలంకారీ నల్లరంగు, అవుతుంది. వెదురు కలంతో గీస్తున్నప్పుడు నీళ్ళలాగే ఉంటుంది, కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలాక నల్లబడుతుంది. స్కూలు ఫ్రెండ్స్‌ని ఇంటికి పిలవాలంటే నాకు ఆ కుండతోనే టెన్షన్.

అమ్మ తర్వాత మానసిక ఆరోగ్య కౌన్సెలర్ అయింది. ఎందుకంటే, 2001 ఆగస్టు వల్ల. తమిళనాడులో ఏర్వాడి దర్గా దగ్గర, మానసిక రోగుల్ని ఉంచిన పాకలకి తెల్లవారుజామున నిప్పంటుకుంది. మనుషుల్ని గొలుసులతో కట్టేసి ఉంచారు, పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. పేపర్లో ఆ వార్త చదివిన రోజు అమ్మ కలం ముట్టలేదు. మా అమ్మమ్మ చెల్లెల్ని కూడా ఒకప్పుడు ఇంట్లో స్తంభానికి కట్టేసేవారని నాకు అప్పుడే తెలిసింది. మరుసటేడు అమ్మ సైకాలజీ పీజీకి దూరవిద్యలో చేరింది. అప్పటికి ఆమెకి 38 ఏళ్ళు, నాకు పదో తరగతి. ఇద్దరం ఒకే బల్ల మీద చదువుకున్నాం, ఆవిడ నాకంటే ఎక్కువ కంగారు పడేది.

తిరుపతిలో ఉద్యోగం వచ్చాక కూడా కార్తీకంలో ఆదివారాలు తమిళనాడులోని షోలింగర్ వెళ్ళేది. దాని మీదే మా ఇద్దరికీ పెద్ద గొడవ. అది ఘటికాచలం, వైష్ణవుల నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటి, అంతవరకూ సరే. పదకొండు నెలలు యోగంలో ఉన్న నరసింహస్వామి కార్తీకంలో కళ్ళు తెరుస్తాడని నమ్మకం, అదీ సరే. కానీ ఎదురుగా చిన్న కొండ మీద యోగాంజనేయుడి దగ్గరికి గాలి సోకిందని, దయ్యం పట్టిందని మనుషుల్ని తీసుకొస్తారు. “చదువుకున్న కౌన్సెలర్వి, దయ్యాలు వదిలించే కొండకి నువ్వెందుకు?” అని అరిచాను ఒకసారి. “జబ్బున్నోళ్ళు అక్కడుంటే నేను ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని ఎవరితో మాట్లాడను?” అంది. అక్కడ ఏం చేస్తుందో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

అమ్మ పోయాక, ఏడాది దాకా కొండగుళ్ళు ఎక్కకూడదని మేనత్త, పెళ్ళయిన కూతురికి మూడురోజుల మైలే కదా అని పిన్ని. ఆ తగవు తేలేలోగా సంవత్సరీకమే వచ్చేసింది. అది ముగించుకుని ఈ కార్తీకంలో బయల్దేరాను. తమిళుల కార్తీకం సౌరమానం లెక్క, నవంబరు మధ్య నుంచి డిసెంబరు మధ్యదాకా ఉంటుంది. కాళహస్తి నుంచి తిరుపతి, అక్కణ్ణుంచి పుత్తూరు, నగరి మీదుగా తిరుత్తణి, మళ్ళీ బస్సు మారి షోలింగర్. నగరి దాటాక బోర్డుల మీద తెలుగు పోతుంది కానీ బస్సులో మాటలు మాత్రం తెలుగే.

పెద్ద కొండకి 1305 మెట్లు. 2024లో రోప్‌కార్ వచ్చింది. అమ్మ మెట్లే ఎక్కేది కదా అని నేనూ పంతానికి పోయి, మూడొందలు దాటేసరికి నోరు మూసుకుని పైన పోతున్న రోప్‌కార్ వైపు చూశాను. కోతులు సరేసరి. ఒకటి నా చేతిలో అరటిపళ్ళ కవరు లాక్కుని, నా ముందే కూర్చుని తొక్క తీసుకుని తింది. పైన దర్శనం రెండు నిమిషాలు. అమృతవల్లి తాయారు దగ్గర మాత్రం ఎవరూ తొయ్యలేదు, కాసేపు నిలబడ్డాను.

చిన్న కొండ నాలుగొందల మెట్లే. పైన ఆంజనేయుడికి నాలుగు చేతులు, శంఖచక్రాలతో యోగాసనంలో ఉంటాడు. గుడి ప్రాకారం చుట్టూ తడిబట్టలతో తిరుగుతున్న ఆడవాళ్ళు. ఒకమ్మాయి ఊగుతూ ఏదో అంటోంది, వాళ్ళ నాన్న ఆమె కొంగు జారకుండా పట్టుకుని వెనకే నడుస్తున్నాడు. ఇదే చూడలేక నేను ఇన్నాళ్ళూ రాలేదు. చూస్తే, ఆయన కూతురితో పాటు నడుస్తున్నాడు, అంతే.

దిగి వచ్చి కోనేటి దగ్గర చెట్టు కింద కూర్చున్నాను. చిల్లర కోసం సంచీ తీశాను. అమ్మ కుట్టినవాటిలో ఒకటి నాణేలకి వాడుకుంటున్నాను. పక్కన ఒక పెద్దావిడ, పక్కనే ముప్పయ్యేళ్ళ కొడుకు పల్లీలు ఒలుచుకుంటున్నాడు.

“ఆ సంచి నీకెట్లొచ్చింది పాపా?”

“మా అమ్మ కుట్టింది.”

ఆవిడ ఏమీ అనకుండా రొంటిన దోపుకున్న సంచీ తీసి నా ఒళ్ళో పెట్టింది. అదే సంచీ. సూర్యుడు ఉతికి ఉతికి ఇటుకరంగయ్యాడు, ఒకవైపు కుట్టు ఊడిపోతే పిన్నీసు పెట్టుంది. రెండు జేబుల్లోనూ మాత్రల అట్టలు.

“నాకు చదువు రాదు గదా. సూర్యుడి దాంట్లోవి పొద్దున, చంద్రుడి దాంట్లోవి రాత్రి. బొమ్మల మేడమే జెప్పినాది. ప్రదక్షిణాలు చెయ్యండి, మాత్రలు గూడా ఆపొద్దు, స్వామి అడ్డం చెప్పడు అనింది. మొదట్లో పదిరోజులకే గుణం లేదని పారేస్తామన్యా. కసిం కుండ మూడు వారాలు ఊరితేనే గదా నల్లరంగు వచ్చేది, మాత్ర గూడా అంతే, ఆగండి అనింది.”

మా వంటింటి కుండ ఇక్కడిదాకా వచ్చిందన్నమాట.

“వీడు ఇప్పుడు టైర్ల షాపులో పనికి పోతా ఉండాడు,” అంది. ఆ అబ్బాయి తలెత్తకుండా, “పొద్దుటిది ఏసుకున్యా మా,” అన్నాడు, అడక్కముందే.

“మీయమ్మ పోయిన తూరీ రాలేదు, ఈ తూరీ రాలేదు. యాడుండాది?”

చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు, ఏడవలేదు. “ఎప్పుడు?” అంది. పోయినేడు భాద్రపదంలో అన్నాను. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. “అయితే పోయిన కార్తీకానికే లేదు. నేను ఆ మెట్లకాడ సాయంత్రందాకా కూచున్యా,” అని, కొడుకు చేతిలో పల్లీలు కొన్ని తీసి నాకిచ్చింది.

నా సంచీలోని చిల్లర పర్సులోకి ఒంపేసి అది ఆవిడకిచ్చాను. పాత సంచీలోంచి అట్టలు ఒక్కొక్కటే తీసి, వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, సూర్యుడివి సూర్యుడిలో, చంద్రుడివి చంద్రుడిలో సర్దింది. ఒక అట్ట దగ్గర అనుమానం వచ్చి కొడుక్కి చూపించింది. “రాత్రిది,” అన్నాడు. పాతదాన్ని పారెయ్యకుండా మడిచి మళ్ళీ రొంటిన దోపుకుంది.

“ఇంకోటుంటే ఇయ్యి పాపా, మా ఊర్లో ఒకామెకి కావాల.”

బ్యాగులో ఉన్న రెండూ ఇచ్చేశాను. బస్సెక్కాక పిన్నికి ఫోన్ చేశాను. “పిన్నీ, నీ తాళాల సంచీ నాకు వెనక్కి కావాలి. పిల్లల దగ్గరున్నవి కూడా. పెన్సిళ్ళకి నేను వేరేవి కొనిస్తాలే.”