పసుపు కుంకుమల పొలాన్ని ఇంగ్లీషులో ఏమనాలి?

గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లీషు కేవలం అర్హత పేపరే అయినా, అందులో తప్పితే మిగిలిన పేపర్లు ఎంత బాగా రాసినా ప్రయోజనం ఉండదు కాబట్టి, నేను రోజూ ఉదయం తెలుగు దినపత్రిక నుంచి ఒక పేరాను ఎంచుకుని అనువదిస్తున్నాను. నిన్నటి విషయం వరకట్నం. "పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద అమ్మాయికి ఎకరం పొలం రాసిచ్చారు" అన్న వాక్యం దగ్గర అరగంట ఆగిపోయాను. మొదట 'టర్మరిక్ అండ్ వెర్మిలియన్' అని రాసి కొట్టేశాను. 'డౌరీ' అంటే అర్థమే మారిపోతుంది, ఎందుకంటే ఆ పొలం అల్లుడిది కాదు, కూతురిది. చివరికి 'ల్యాండ్ గివెన్ టు ద డాటర్ ఎట్ హర్ మ్యారేజ్' అని రాసుకున్నాను.

వ్యాసంలోనూ ఇంతే జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నం తీసుకోవడాన్నే కాక ఇవ్వడాన్ని కూడా నేరంగా పరిగణిస్తుందని చెప్పే ఒక్క వాక్యం, 'సాంఘిక దురాచారం' అంటూ నింపిన అరపేజీ కంటే విలువైనది. రేపటికి బాల్యవివాహాల మీద పేరా తీసి పెట్టుకున్నాను. 2006 నాటి చట్టాన్ని ఈ రాత్రే చదవాలి.