ట్రంకుపెట్టెలో ఆక్టోపస్సీ

నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ పాలకొల్లులో ఆగేసరికి ఇంకా మంచు విడలేదు. నా భుజాన ఉన్న పొడవాటి ప్లాస్టిక్ గొట్టాన్ని బావ అందుకుని, "మడతలున్న కాయితాన్ని ఇందులో చుట్టొచ్చంటావా?" అని అడిగాడు. సరైన ప్రశ్నే. రాత్రంతా బెర్తు మీద నేను ఆలోచించింది కూడా అదే.

వారం క్రితం బావ ఫోన్ చేశాడు. వాళ్ళకి తెలిసిన ఒక పెద్దాయన ముప్పై ఏళ్ళు సినిమా హాళ్ళకి వాల్‌పోస్టర్లు అతికించారట. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ట్రంకుపెట్టెలో పాత పోస్టర్లున్నాయి, అందులో "ఇంగ్లీషు బొమ్మలవి" కూడా ఉన్నాయన్నాడు. ఆ మాట వినగానే టికెట్ తీసేశాను.

నేను జేమ్స్ బాండ్ పోస్టర్లు సేకరిస్తాను. అన్నీ కాదు, చేత్తో గీసిన బొమ్మల నుంచి అచ్చయినవి మాత్రమే. 1962లో డాక్టర్ నో దగ్గర మొదలుపెట్టి 1987 నాటి లివింగ్ డేలైట్స్ దాకా చూడండి, చాలావరకు పోస్టర్ అంటే ఒక చిత్రకారుడు కూర్చుని రంగులు కలిపి వేసిన పెయింటింగ్. 1989 నాటి లైసెన్స్ టు కిల్ నుంచి ఫొటోలదే రాజ్యం. ఫొటో పోస్టర్లు చెడ్డవని అనను. కానీ థండర్‌బాల్ పోస్టర్ ముందు నిలబడితే రాబర్ట్ మెగినిస్, ఫ్రాంక్ మెకార్తీ అనే ఇద్దరు మనుషుల చేతులు కనిపిస్తాయి. మెకార్తీ పేలుళ్ళు, పడవలు, సముద్రం అడుగున పోరాటాలు వేసేవాడు. మెగినిస్ మనుషుల్ని, ముఖ్యంగా పొడుగు కాళ్ళ అమ్మాయిల్ని వేసేవాడు. యూ ఓన్లీ లివ్ ట్వైస్‌కి అగ్నిపర్వతం లోపలి స్థావరంలో బాండ్ తలకిందులుగా నడుస్తున్నట్టు వేసిన బొమ్మ ఉంది. దాన్ని ఎన్నిసార్లు చూసినా నా కళ్ళు అలవాటు పడలేదు. మెగినిస్ 2025లో 99 ఏళ్ళ వయసులో పోయాడు. 007 అంకెల్లో ఏడుని తుపాకీగా మార్చిన జో కారఫ్ కూడా అదే ఏడాది పోయాడు. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ గుర్తుకి ఆయనకి ముట్టింది 300 డాలర్లే.

దిబ్బరొట్టె, చెరకు పానకం తిని బండెక్కాం. క్షీరారామం గాలిగోపురం పక్కనుంచి పోతుంటే బావ చెప్పకముందే నాకు ఈశ్వర్ గారు గుర్తొచ్చారు. తెలుగు సినిమా పబ్లిసిటీ డిజైన్‌లో అంత పెద్ద పేరు తెచ్చుకున్న ఈశ్వర్ పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన మొదటి సినిమా 1967 నాటి సాక్షి. దాని దర్శకుడు బాపు గారు పుట్టింది పక్కనే ఉన్న నర్సాపురంలో. అందులో హీరో కృష్ణ. అంతకు ముందటేడే గూఢచారి 116లో కోటు వేసుకుని తుపాకీ పట్టి ఆంధ్రా జేమ్స్‌బాండ్ అనిపించుకున్న కృష్ణ, ఇక్కడ గోదావరి లంకల్లో పంచె కట్టాడు. బాండ్ పోస్టర్ వెతుక్కుంటూ నేను పాలకొల్లులో దిగడం ఎవరికైనా వింతగా ఉంటే ఉండొచ్చు, నాకు మాత్రం సరైన చోటికే వచ్చాననిపించింది.

పెద్దాయన కాలవ గట్టు మీద రెండు గదుల పెంకుటింట్లో ఉంటున్నారు. "ఆయ్, రండి బాబూ, కూర్చోండి" అని మడతమంచం వాల్చారు. పెట్టె మూత తీయగానే నాఫ్తలిన్ వాసన, దాని కింద పాత కాగితం వాసన. పైన అన్నీ తెలుగు బొమ్మలే. కొన్నింటిని చెదలు సగం తినేశాయి. కొన్ని తేమకి ఒకదానికొకటి అంటుకుపోయి అట్టలయ్యాయి. గోదావరి జిల్లాల్లో కాగితం దాచడం అంత తేలిక కాదు, వానాకాలం గోడలకే చెమ్మ ఎక్కుతుంది.

అడుగు నుంచి రెండోది ఆయనే తీశారు. ఎనిమిది మడతలు. మంచం మీద మెల్లిగా విప్పాం. రోజర్ మూర్ తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు, వెనక అమ్మాయి, ఆమెవి ఒకటీ రెండూ కాదు, ఎనిమిది చేతులు ఆయన్ని చుట్టుకుని ఉన్నాయి. ఆక్టోపస్సీ, 1983. బొమ్మ వేసింది డాన్ గూజీ. ఉదయ్‌పూర్‌లో తీసిన సినిమా, మన టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ కూడా ఉన్నాడు. ఇది అమెరికాలో అచ్చయిన కాపీ కాదు. వాళ్ళది 27 × 41 అంగుళాలు, ఇది 30 × 40, అడుగున బొంబాయి ప్రెస్సు పేరు. అచ్చులో ఎర్ర రంగు ప్లేటు కొంచెం జరిగి, ఆ అమ్మాయి పెదవుల రంగు చెంప మీదికి వచ్చింది. ఆ తప్పుతో సహా నాకు అది చాలా అందంగా కనిపించింది.

అయినా వెంటనే నమ్మలేదు, భూతద్దం తీశాను. నాలుగేళ్ళ క్రితం ఒక అమ్మకందారు దగ్గర ఎనిమిది వేలు పోసి థండర్‌బాల్ కొన్నాను. ఇంటికొచ్చాక దీపం కింద పెట్టి చూస్తే మడత గీతలు కాగితంలో లేవు, బొమ్మలోనే అచ్చయి ఉన్నాయి. అసలు పోస్టర్‌ని స్కాన్ చేసి మళ్ళీ ముద్రించిన నకలు అది. అప్పటినుంచి ఏది చూసినా ముందు మడత మీద వేలు పెట్టి తడుముతాను. నిజమైన మడత దగ్గర సిరా పగిలి తెల్లటి పీచు తేలుతుంది. తర్వాత భూతద్దంలో చుక్కలు. ఆఫ్‌సెట్ అచ్చులో నాలుగు రంగుల చుక్కలు వరసగా గులాబీ పువ్వులా కూడి ఉంటాయి. ఇక్కడ రెండూ ఉన్నాయి.

ఇంకొకటి కూడా ఉంది. బొమ్మ పైన అడ్డంగా అతికించిన తెల్ల చీటీ, దాని మీద ఎర్ర సిరాతో చేతిరాత: "నేడే చూడండి, ఉదయం 11 గం.లకు".

"అది నా రాతే బాబూ. ఇంగ్లీషు బొమ్మంటే పొద్దున ఆట ఒక్కటే వేసేవారు. ముందురోజు రాత్రే చీటీలన్నీ అంటించి పెట్టుకున్నాను. తెల్లారితే పెట్టె రాలేదు. ఏదో పాత బొమ్మ వేసేశారు. ఇవన్నీ ఉండిపోయాయి."

రీళ్ళ పెట్టె రాకపోవడం వల్ల ఈ కాగితం గోడ ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఆయనే చెప్పారు. మైదాలో మైలుతుత్తం వేసి ఉడకబెట్టేవారట, అది వెయ్యకపోతే తెల్లారేసరికి ఆవులు జిగురు కోసం పోస్టర్ పీక్కు తినేసేవి. సైకిలు వెనక బకెట్టు, భుజాన నిచ్చెన, చేతిలో చీపురు. ముందు గోడకి జిగురు, తర్వాత కాగితం, దాని మీద మళ్ళీ జిగురు. పై శుక్రవారం దాని మీదే ఇంకొకటి. "ముడతా బుడగా లేకుండా అంటించాలంటే మధ్య నుంచి అంచులకి తుడవాలి" అని గాల్లో చెయ్యి ఊపి చూపించారు. నేను నోరు తెరుచుకుని చూశాను. పోస్టర్లని గుడ్డ మీదికి ఎక్కించి భద్రపరిచే నిపుణులు కూడా గోధుమ గంజే వాడతారు, వాళ్ళూ మధ్య నుంచి అంచులకే తుడుస్తారు. నీళ్ళతో తడిపితే మళ్ళీ ఊడొస్తుందని వాళ్ళకి ఆ గంజి ఇష్టం. ఆ సంగతి చెబితే ఆయన మొహం వెలిగింది.

డబ్బు తీసుకోడానికి చాలాసేపు ఒప్పుకోలేదు. "బాబాయ్ గారూ, ఇది నా దగ్గర ఊరికే ఉంటే నాకు నిద్ర పట్టదు" అంటే చివరికి తీసుకున్నారు. పోస్టర్‌ని గొట్టంలో చుట్టలేదు. రెండు అట్టల మధ్య పాత మడతల ప్రకారమే పెట్టాను.

మధ్యాహ్నం నర్సాపురం వెళ్ళి పంటు మీద, అంటే మనుషుల్నీ బండ్లనీ దాటించే పడవ మీద, గోదావరి పాయ వశిష్ఠ దాటాం. మోటారుసైకిళ్ళు, కొబ్బరికాయల ఆటో, పెళ్ళికి పోతున్న ఒక కుటుంబం. సఖినేటిపల్లి రేవులో దిగి రాజోలు వైపు. అక్కడ మూతపడిన హాలు ఒకటుందని, దాని ఆపరేటర్ గదిలో పాత పోస్టర్లుండేవని విన్నాం. హాలు ఇప్పుడు ధాన్యం గోదాము. కాపలాదారు 1996 నవంబరు తుఫాను గురించి చెప్పాడు. రేకులు లేచిపోయాయి, మూడు రోజులు గదిలో నీళ్ళు నిలిచాయి, కాగితమన్నది మిగల్లేదు. కోనసీమలో ఆ తుఫాను పేరెత్తితే ఇంకెవరూ ఏమీ అడగరు. మేమూ అడగలేదు. చీకటి పడకముందే తిరుగు పంటు ఎక్కాం.

హైదరాబాద్‌లో గుడ్డ ఎక్కించే ఆయనకి చూపించాను. చీటీ తీసేస్తే బొమ్మ శుభ్రంగా వస్తుంది, ధర పెరుగుతుంది అన్నాడు. సేకరణ వ్యాపారంలో అలాంటి చీటీని లోపం కిందే లెక్కేస్తారు. నేను వద్దన్నాను. చీటీ లేకపోతే అది బొంబాయిలో అచ్చయిన వందల కాపీల్లో ఒకటి. చీటీ ఉంటే పాలకొల్లుది. పోనీ చీటీతోనే ఎక్కిద్దామని ఒక మూల దూదితో తడి అద్ది చూశాడు. ఎర్ర సిరా కరిగి దూదికి అంటింది. అక్కడితో ఆపించాను. గుడ్డ లేకుండా, మడతలతోనే, అద్దానికి తగలకుండా చుట్టూ మందపాటి అట్ట పెట్టించి ఫ్రేము కట్టించాను.

ఫొటో తీసి బావ ఫోన్‌కి పంపితే పెద్దాయన కూతురి ఊరికి చేర్చాడు. ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది.

"బాగుంది బాబూ. కాకపోతే ఆ 'డే' కొంచెం వంకర పోయింది. సైకిలు సీటు మీద పెట్టి రాశానప్పుడు."