డేట్ అయిపోయాక మరో పది రోజులు

నెలసరి ఐదో రోజుకి ఆగిపోయేది. ఆరో రోజు తలస్నానం చేసి దీపం పెట్టేలోపే మళ్లీ మరక. ఎర్రగా కాదు, కాఫీ డికాషన్ రంగులో. అలా ఇంకో పది రోజులు.

బాబు పుట్టినప్పుడు పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాను. ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్నా తల దిగడం లేదని ఆపరేషన్ చేశారు. మా తెలంగాణలో ఇదేం వింత కాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే. పైకుట్టు చక్కగా మానింది. "గీత కూడా కనపడట్లేదే" అని అమ్మ మురిసిపోయింది.

మరక సంగతి చెబితే హార్మోన్ల తేడా అని మాత్రలు రాశారు. వాడినన్నాళ్లూ బాగుండేది, ఆపగానే మళ్లీ మొదలు. నేను పథ్యం సరిగ్గా చెయ్యలేదని అత్తమ్మ తేల్చేసింది. రెండో బిడ్డ కోసం చూస్తూ రెండేళ్లు గడిచిపోయాయి.

హైదరాబాద్‌లో మూడో డాక్టరమ్మ ఒకే ఒక్క మాట అడిగారు. "ఇది ఆపరేషన్‌కి ముందు ఉండేదా?" లేదు. అంతకుముందు ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి సెలైన్ ఎక్కించి స్కాన్ చేశారు. బూడిదరంగు గోడలో నల్లటి త్రిభుజం కనిపించింది. పాత కోత దగ్గర గోడ సరిగ్గా అతుక్కోక గుంట పడిందట. డేట్ రక్తం అందులో నిలిచి తర్వాత మెల్లగా కారుతోంది. ఇస్త్మోసీల్ అంటారు. 2 మిల్లీమీటర్ల లోతుంటేనే గుంట కింద లెక్క, నాది 7. దాని మీద మిగిలిన గోడ 2 మిల్లీమీటర్లే.

ఒళ్లు మండిపోయింది. గర్భసంచి గోడని ఒక్క వరసే కుట్టారని పాత కాగితాల్లో ఉంది. అది చూపించి, రెండు వరసలు కుట్టి ఉంటే ఇలా అయ్యేది కాదు కదా అన్నాను. నెదర్లాండ్స్‌లో రెండు వేల మందికి పైగా ఆడవాళ్ల మీద రెండు పద్ధతులూ పోల్చి చూశారనీ, మరకల విషయంలో తేడా రాలేదనీ చెప్పారు. నొప్పులు బాగా ముదిరాక కోస్తే కోత ముఖద్వారం వైపు కిందికి పడే అవకాశం ఎక్కువట, అక్కడ ఊరే జిగురు మాననివ్వదేమోనని ఒక అనుమానం. అంటే నా పద్నాలుగు గంటలు! నిజం చెప్పాలంటే, తిట్టుకోవడానికి ఎవరూ దొరకనందుకు కొంచెం నిరాశపడ్డాను.

గోడ మందంగా ఉంటే కింద నుంచే కెమెరాతో సరిచేస్తారు. నాది పలచన, చిల్లు పడితే ఆనుకునే మూత్రాశయం. అందుకని లాప్రోస్కోపీ, అంటే పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్. లోపలి నుంచి లైటు వేస్తే, పలచబడ్డ చోట కాగితం లాంతరులా వెలుగు బయటికి కనపడుతుందట. ఆ వెలుగున్నంత మేర కోసి తీసి మళ్లీ కుట్టారు. నాకు మాత్రం కడుపు కంటే భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. లోపల నింపిన గ్యాస్ వల్ల అని నర్సమ్మ చెప్పేదాకా గుండెపోటేమోనని టెన్షన్.

ఆ తర్వాత రెండో డేట్. ఆరో రోజు తలస్నానం చేశాను. అలవాటుకొద్దీ ప్యాడ్ పెట్టుకున్నాను. సాయంత్రం తీసి చూస్తే తెల్లగా ఉంది. మా ఆయన్ని పిలిచి మరీ చూపించాను, పాపం ఏమనాలో తెలియక తలూపాడు.

ఆరు నెలలు ఆగి ప్రయత్నించమన్నారు. కడుపు పండితే ఈసారి నొప్పులు రాకముందే ఆపరేషన్ అని ఇప్పుడే చెప్పేశారు. అమ్మకి అదింకా మింగుడు పడలేదు.