12 సెకన్ల వీడియో

పదకొండున్నర అయింది, పండుకోవాలె. ఫోన్ల ఆ వీడియో ఇంకోసారి చూసిన. 12 సెకన్లే. పొద్దుగాల వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఉరుకుతుంటే మరిది ఎనకనుంచి తీసిండు. చెప్పకుంట తీసిండు, అదీ నా కోపం.

ఎడమ కాలు నేల మీద పడ్డప్పుడల్లా కుడి తుంటి కిందికి జారుతుంది. ఒక్కసారి కాదు, ప్రతి అడుగుకూ. "వదినా, నీది మోకాలు కాదు, తుంటి" అన్నడు. రెండు నెలల సంది ఎడమ మోకాలి బయటి పక్క నొప్పని షూ మార్చిన, మోకాలికి పట్టీ కొన్న, నూనె రాసిన. ఈయన 12 సెకన్లల తేల్చిండు! పోనీ తప్పు చెప్పిండా అంటే, సాయంత్రం ఫిజియో కూడ అదే చెప్పింది. ఒంటికాలి మీద నిలవడమన్నది. నిలవడ్డ. అద్దంల నా కుర్తా అంచు ఒక దిక్కు వంగింది.

ఉరికేటప్పుడు రెండు కాళ్లు ఒక్కసారి నేల మీద ఉండనే ఉండవు, అంతా ఒంటికాలి మీది పనే. అప్పుడు నడుం ఒరగకుండ పట్టేది తుంటి పక్కనుండే గ్లూటియస్ మీడియస్ అనే కండ. అది సోమరిదైతే తొడ లోపలికి తిరుగుతది, మోకాలు దాని ఎంబడే పోతది, తొడ బయటి పక్కకెల్లి మోకాలి దాక దిగే గట్టి పట్టీ, ఐటీ బ్యాండ్ అంటరు, దాని మీద భారం పడుతది. దానికి తోడు నాది దినమంత కుర్చీ కొలువు, తుంటి ముందరి కండలు బిగుసుకున్నయట.

ఇగ ఇంట్ల భాగోతం. పక్కకు పండుకొని, మోకాళ్లు మడిచి, మడమలు కలిపి, పై మోకాలును ఆల్చిప్ప తెరిచినట్టు లేపాలె. పక్కకు పదిహేను. హాల్ల తప్ప జాగ లేదు, హాల్ల అత్తమ్మ సీరియల్. ఆరోదానికే తుంటి మండింది. "మమ్మీ, నడుం ఎనక్కి దొర్లిస్తున్నవ్, మోసం" అని మా చిన్నది లెక్క ఆపింది. నిజమే, నడుం దొర్లితే కాలు అలకగ లేస్తది గని కండకు పని పడది. మా ఆయన ఊకున్నడా? "కల్లెడ దీప్తి జీవాంజి జపాన్ల కోబేల 400 మీటర్లు 55.07 సెకన్లల ఉరికి పారా ప్రపంచ రికార్డు కొట్టింది. మన పర్వతగిరి మండలమే. నువ్వేమో ఆరుకే ఆగినవ్" అన్నడు. నవ్వొచ్చింది గని నవ్వలే. టీవీ మీదికెల్లి కన్ను తీయకుంటనే అత్తమ్మ, "మేం నాట్లేసిన్నాడు మాకెవ్వలు నేర్పిండ్రు?" అన్నది.

ఆ మాటకు నాయినమ్మ యాదికొచ్చింది. మడమలు నేలకానించి గొంతుకూసుంటే గంటసేపు బియ్యం ఏరేది. బురదల దిగితే కాలు గుంజి తీసుడే ఒక కసరత్తు. ఎడమ తుంటి మీద నీళ్ల బిందె పెట్టుకొని జానెడంత ఒడ్డు మీద నడిచేది, ఎనక నేను. బిందెల నీళ్లు తొణికేటివి కావు. ఒడ్డు మీద పాదాల గుర్తులు ఒక్క గీతల పడేటివి, నేను వాటి మీదనే అడుగులు వేసుకుంట పోయేదాన్ని. గివన్ని మానుకొని ఇప్పుడు డబ్బులిచ్చి నేర్చుకుంటున్నం, వాళ్లకు ఈ బాధలే లేకుండె అని ఒక పేరా రాసిన.

రాసి, కొట్టేసిన. లేకుండె ఎట్లయితది? చివరి ఏండ్లల్ల నాయినమ్మ నేల మీద కూసుంటే దర్వాజ పట్టుకోంది లేవలే. ఎన్నడూ బిందె ఎడమ దిక్కే. దానివల్లనో, బురదల వంగిన నడుంవల్లనో, వయసువల్లనో. నడిస్తే ఇటు అటు ఒరిగేది. మేం పిల్లలం ఆమె ఎనకాల వరుసగ నిలవడి అట్లనే ఊగుకుంట నడిచేది. అందరికంటె బాగ చేసేది నేనే. ఒకనాడు ఆమె ఎనక్కి తిరిగి చూసింది, ఏమనలే.

వీడియో మళ్ల పెట్టిన. ఆ నడకే.

మరిది మీద కోపం ఇంక పోలేదు, అది వేరే. ఎడమ పక్క ఇంక తొమ్మిది బాకీ ఉన్నయి. అత్తమ్మ పండుకున్నది, టీవీ బంద్ అయింది. లైటు తీసేసి చేస్త.