మాస్టారు ఊపిన తల

మాస్టార్ల గురించి బడి సంచికకు రాయమనగానే నాకు మాస్టార్లందరికంటే ముందు ఒక ఎద్దు గుర్తొచ్చింది. ఏం చేయను.

పదో తరగతి. సంక్రాంతి సెలవులు ఇంకో రెండ్రోజుల్లో ఇస్తారనగా గంగిరెద్దులాయన బళ్ళోకొచ్చాడు. సన్నాయి వినపడగానే క్లాసు ఖాళీ. వీపు మీద రంగురంగుల బొంత, కాళ్ళకు మువ్వలు. "అయ్యగారికి దండం పెట్టు బసవన్నా" అంటే ముంగాళ్ళు మడిచేది. ఏమడిగినా తలూపేది.

లెక్కల మాస్టారు మాత్రం ఎద్దును చూడలేదు. "ఆయన చేతిలో పలుపు చూడండ్రా!" అన్నారు. అని, ఆ వేపచెట్టు కిందే బెర్లిన్ గుర్రం కథ మొదలెట్టారు.

దాని పేరు హాన్స్. యజమాని ఫాన్ ఓస్టెన్, ఆయనా రిటైరైన లెక్కల మాస్టారే (ఈ ముక్క మా మాస్టారు కాస్త ఒత్తి పలికారు). కూడికలూ భిన్నాలూ అడిగితే గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేదట. చూడ్డానికి టిక్కెట్టు లేదు. 1904లో 13 మంది పెద్దలు పరీక్షించి, మోసమేమీ లేదని తేల్చారు. ఆ జట్టులో ఓ సర్కస్ మేనేజరు కూడా ఉన్నాడు! నిజంగానే మోసం లేదు. తర్వాత ఫుంగ్‌స్ట్ అనే ఆయన పట్టుకున్నాడు: అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. తట్టడం సరైన అంకెకు చేరగానే అడిగినవాడి తల, వాడికే తెలియకుండా, వెంట్రుకవాసి పైకి లేస్తుంది. గుర్రం ఆగిపోతుంది.

"ఇప్పుడు మనం చూద్దాం" అని మాస్టారు గంగిరెద్దులాయన్ని పలుపు వదిలేసి చెట్టు వెనక్కి వెళ్ళమన్నారు. తనే ఎద్దు ఎదుట నిలబడి, "బసవన్నా, వీళ్ళంతా పరీక్ష గట్టెక్కుతారా?" అని గట్టిగా అడిగారు.

ఎద్దు ఆయన మొహంలోకి కాసేపు చూసింది. బుద్ధిగా తలూపింది.

మేం గోల. మాస్టారు బిత్తరపోయారు. చెట్టు వెనకనుంచి తొంగిచూస్తున్న గంగిరెద్దులాయన అన్నాడు: "ముందు తమరే ఊపారు బాబూ."

ఫుంగ్‌స్ట్ కూడా, గుట్టంతా తెలిశాక సైతం, తన తలను ఆపుకోలేకపోయాడని చాలా ఏళ్ళకు చదివాను. ఆ పూట మాస్టారు నవ్వి, ఎద్దుకు అరటిపళ్ళు తెప్పించారు, ఆయనకు డబ్బులిచ్చారు.

ఆ ఏడు మా క్లాసులో ముగ్గురం తప్పాం. ముగ్గురమూ లెక్కల్లోనే.