తాతలు తాగిన నెయ్యి కోసం కడప దాకా

2016 కృష్ణా పుష్కరాలప్పుడు బీచుపల్లి ఘాట్‌లో అన్నా నేనూ పిండాలు పెట్టడానికి కూర్చున్నాం. పంతులుగారు నాన్న పేరు అడిగారు, చెప్పాం. తాత పేరు అడిగారు, చెప్పాం. ముత్తాత పేరు అడిగేసరికి అన్న నా వైపు చూశాడు, నేను అన్న వైపు చూశాను. వెనక జనం తోసుకుంటున్నారు. ఆయనకి ఇది కొత్తేమీ కాదనుకుంటా, ఏదో మంత్రంతో సర్దేసి ముందుకు వెళ్లిపోయారు. ఇక ఆడవాళ్ల వరసకి వచ్చేసరికి రెండో పేరు దగ్గరే ఆగిపోయాం.

పేరైతే తెలీదు కానీ ఆయన ఆస్తి మాత్రం మా ఇంటిల్లిపాదికీ తెలుసు. "మీ జేజినాయన అబ్బకు నూట ఇరవై ఉండె. అంతా దేవునికి ఇచ్చేసె" అని మా జేజి, అంటే నాన్నమ్మ, చెప్పేది. జేజినాయన అబ్బ అంటే మా తాత వాళ్ల నాన్న. నూట ఇరవై అంటే ఎకరాలే అనుకున్నాం, ఇంకేమనుకుంటాం? మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు, పెళ్లిచూపుల్లో కూడా మా నాన్న ఈ మాట వాడుకున్నాడు. పుష్కరాల నుంచి వచ్చాక ఆ నెయ్యి సంగతి తేల్చాలనిపించింది. తేల్చడానికి బయల్దేరింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత, మొన్న ఫిబ్రవరిలో.

బయల్దేరే ముందు నెల రోజులు ఇంట్లో కూర్చునే వెతికాను, పైసా ఖర్చు లేకుండా. భూముల రికార్డులు చూపించే మీభూమి సైట్లో మా చిన్నాయన పేరున 3 ఎకరాల 21 సెంట్లు కనిపించింది. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, మాకు కావాల్సింది దానికి చాలా ముందుది. వంశవృక్షాలు వెతికే ఫ్యామిలీసెర్చ్ సైట్లో హరిద్వార్ లాంటి చోట్ల పండాలు, అంటే అక్కడి పురోహితులు, రాసుకున్న యాత్రికుల పుస్తకాలు ఫొటోలు తీసి పెట్టారు. చూడటానికి అద్భుతంగా ఉన్నాయి, కానీ మావాళ్లు పెన్న దాటి వెళ్లిందే తక్కువ, హరిద్వార్ దాకా ఎక్కడ? ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో గ్రిబుల్ దొర రాసిన కడప జిల్లా మాన్యువల్ దొరికింది. 1875లో అచ్చయిన పుస్తకం. ఆ మరుసటి ఏడే ధాత కరువు మొదలైంది.

ఆ కరువే మాకున్న ఒకే ఒక్క ఆధారం. "ధాత కరువులో పుట్టినోడు" అని జేజి మా ముత్తాత గురించి అనేది. మా అన్న పంచాంగం చూసి, ధాత నామ సంవత్సరం అంటే 1936 అని లెక్క కట్టి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. 1936 నాటికి మా జేజినాయనకే పెళ్లయింది! సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా. 1876 కూడా ధాతే, 1996 కూడా ధాతే. పాత కాగితాల మీద సంవత్సరం పేరు మాత్రమే ఉంటే ఏ అరవయ్యో ముందు తేల్చుకోవాలి. అట్లాగే రెవెన్యూ కాగితాల్లో ఫసలీ అనే సంవత్సరం లెక్క ఉంటుంది. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1336 అంటే 1926 జులైలో మొదలైన ఏడు.

రాత్రి కాచిగూడలో వెంకటాద్రి ఎక్కితే తెల్లారకముందే కడపలో దించేసింది. స్టేషన్‌లోనే మొహం కడుక్కుని, హోటళ్లు తెరిచేదాకా కూర్చుని, ఎర్రకారం దోసె తిన్నాను. రెండోది తినకుండా ఉండాల్సింది. కళ్లు తుడుచుకుంటూ ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లాను.

సి.పి. బ్రౌన్ అంటే అందరికీ నిఘంటువు, వేమన పద్యాలు గుర్తొస్తాయి. నాకు కావాల్సింది కైఫీయత్తులు. సర్వే దొర కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న దండకవిలెలు, అంటే ఊరి పాత లెక్కల పుస్తకాలు, చూసి, ఊరి పుట్టుక, చెరువులు, గుళ్లు, పాళెగాళ్ల కొట్లాటలు రాయించారు. కావలి సోదరులు ఆ పనిలో ముఖ్యులు. ఆ రాతప్రతులు చెదలు పట్టి పోతుంటే బ్రౌన్ తిరిగి రాయించాడు. వాటిని ఇంగ్లీషులో లోకల్ రికార్డ్స్ అంటారు. కడప జిల్లావి ఇప్పుడు తెలుగులో సంపుటాలుగా అచ్చయ్యాయి. మా ఊరిది రెండు పేజీల లోపే ఉంది. మా ఇంటిపేరు లేదు. కానీ ఊరికి పడమర ఉన్న వంక పేరు ఉంది, చిన్నప్పుడు సెలవులకి వెళ్లినప్పుడు నేను జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్న వంక. రెండు వందల ఏళ్ల కిందట ఎవరో కరణం చెబుతుంటే ఎవరో గుమాస్తా ఆ వంక పేరు రాసుకున్నాడు. అది చదివి కాసేపు పుస్తకం మూయబుద్ధి కాలేదు.

మా ఊరు పెన్న ఒడ్డున, జమ్మలమడుగు వైపు. పేరు మాత్రం రాయను, అక్కడ మాకింకా హద్దు తగాదా నడుస్తోంది. నల్లరేగడి నేలంతా శనగ పంట. బస్సు దిగేసరికి చిన్నాయన బండేసుకుని వచ్చాడు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుంటాడు, తలకి పెట్టుకోడు.

మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి అయ్యాక నేను వచ్చిన పని చెప్పాను. "దానికి ఇంత దూరం రావాల్నా? ఫోన్ చేస్తే అయిపాయ గదా" అని ఎవరికో ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అవతల వంశరాజ్ ఆయన. ఒకప్పుడు వీళ్లని వేరే పేరుతో పిలిచేవాళ్లు, ఆ పేరు తీసేసి ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు. పంటలు ఇంటికొచ్చే కాలంలో వచ్చి, గోత్రం, మూలం, ఏ కొమ్మ ఎక్కడ చీలిందీ చెప్పి, ధాన్యం తీసుకుని వెళ్లేవాళ్లు. ఆయన గొంతు సవరించుకుని గడగడా ఏడు తరాలు చెప్పాడు. గండికోట సీమ నుంచి దిగొచ్చామట. రాసుకోబోయి ఆగిపోయాను, మూడే పేర్లు. ఒకటి, రెండు, మూడు, మళ్లీ ఒకటి, రెండు, మూడు. ముత్తాత పేరు మునిమనవడికి పెట్టే ఇంట్లో అంతే మరి. "ఆడోళ్ల పేర్లు ఏమైనా చెప్తారా?" అని అడిగాను. "అవి మా లెక్కలోకి రావు సామీ" అన్నాడు. ఫోన్‌పేలో 516 రూపాయలు పంపాను. ధాన్యమైతే ఎంత ఇవ్వాల్సి వచ్చేదో.

ఆయన మాట నమ్మాలంటే కాగితం కావాలి. కరణం ఇంటికి పోదామంటే 1984లో మునసబు, కరణాల పదవులు తీసేశాక ఆ కుటుంబం ప్రొద్దుటూరు వెళ్లిపోయింది, ఇల్లు మొండిగోడలైంది. రెవెన్యూ ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే తెల్లవాళ్ల కాలం నాటి ఆర్‌ఎస్‌ఆర్ అనే భూముల రిజిస్టరు నకలు దొరికింది. సర్వే నంబరు, నేల తరం, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, అన్నీ వరసగా ఉన్నాయి. మా పట్టా కింద మొత్తం 17 ఎకరాల 42 సెంట్లు, అంతా మెట్టే. నూట ఇరవై ఎక్కడుందా అని వెతికాను. ఉంది, మొదటి గడిలో. అందరికంటే పెద్ద చేను సర్వే నంబరు 120.

చిన్నాయన ఐదు నిమిషాలు నవ్వాడు. "అమ్మ ఎప్పుడూ నూటిరవై అనేది గానీ ఎకరాలని అనలేదురా. మీ నాయన కలిపినాడు అది."

మర్నాడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాం. ఏ ఊరిదో చెప్పను. అక్కడి సీట్లో ఉన్నాయన తలెత్తకుండానే, "1983 ముందువి సిస్టంలో లేవు సార్" అన్నాడు. పుస్తకాలు ఉంటాయి కదా అంటే, "అట్లా అందరికీ చూపించం" అన్నాడు. బయట చింతచెట్టు కింద కూర్చున్న ముసలి దస్తావేజు లేఖరి నన్ను కాపాడాడు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసే ఒకటో నంబరు పుస్తకాన్ని, దాని ఇండెక్సుల్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చట. వీలునామాల మూడో పుస్తకానికి, ఇతర దస్తావేజుల నాలుగో పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. ఆయనే అర్జీ రాశాడు, సెక్షన్ 57 అని కింద గీత గీసి మరీ. ఒకటో ఇండెక్స్ మనుషుల పేర్లది, రెండోది ఆస్తులది. "పేరు తెలీకపోతే రెండో దాంట్లో పడండి, ఊరి పేరు కింద సర్వే నంబరు పట్టుకుని పోండి" అన్నాడు. ఈ పని మీద వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదొక్కటే: ముందు చెట్టు కిందాయన్ని కలవండి, తర్వాతే లోపలికి వెళ్లండి.

సాయంత్రం నాలుగింటికి దొరికింది. 1921 నాటి తనఖా దస్తావేజు. గుమాస్తా గొలుసుకట్టు రాతలో ఒక్కో మాట విడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు, సేద్యం, వయస్సు 45. నలభై ఐదంటే 1876, ధాతలో పుట్టినవాడే! జేజి మాట నిజం, వంశరాజ్ ఆయన చెప్పిన పేరు కూడా నిజం. ఆ పేరు మా అన్నదే. పుష్కరాల్లో ముత్తాత పేరు తెలీక నా మొహం చూసినవాడు, రోజూ అదే పేరుతో సంతకాలు పెట్టుకుంటున్నాడు.

"నా కుమార్తె వివాహ ఖర్చుల నిమిత్తమున్ను, ఎద్దుల జత కొనుటకున్ను మీ వద్ద పుచ్చుకున్న రూ. 350" అని ఉంది. కూతురి పేరు రాయలేదు, ఎద్దులకి మాత్రం జత అని లెక్క ఉంది. చివర సంతకం చోట "ఎడమచేతి బొటనవేలి ముద్ర" అని గుమాస్తా చేతిరాత. అసలు ముద్ర కాదు, ముద్ర పడిందని చెప్పే మాట. అయినా అక్కడే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. అదే మనిషి 1926లో అప్పు తీరక 11 ఎకరాలు శుద్ధక్రయం రాసిచ్చాడు, అప్పిచ్చినాయనకే. పదిహేడున్నరలో పదకొండు పోతే మిగిలింది ఆరూ చిల్లర. ఇద్దరు కొడుకులు పంచుకుంటే మూడూ చిల్లర. మీభూమిలో చిన్నాయన పేరున ఉన్నది అదే.

ఆయన అప్పు చెయ్యకపోతే నాకు దొరికేవాడే కాదు. ఆయన పెళ్లి, పిల్లలు పుట్టింది, పంట బాగా పండిన ఏళ్లు, ఒక్కటీ ఎవరూ రాయలేదు. కుదువ పెట్టినప్పుడు మాత్రం వయసూ, తండ్రి పేరూ, ఎందుకు కావాల్సొచ్చిందో కూడా పూసగుచ్చినట్టు రాశారు.

ఇంకో సంగతి చెక్కుబందిలో దొరికింది. తూర్పు బండ్లబాట, ఉత్తరం వంక, దక్షిణం ఎవరిదో చేను. "పడమర: మా అన్న చేను" అని పేరుతో సహా ఉంది. ఈ అన్న గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. వంశరాజ్ ఆయన చెప్పిన చీలికల్లో ఉన్నాడేమో, నేనే పట్టించుకోలేదు. పాత దస్తావేజు చూసేవాళ్లు సరిహద్దులు వదిలేస్తారు, చుట్టాలంతా అక్కడే ఉంటారు. ఆ పేరు వినగానే చిన్నాయన మొహం మారిపోయింది. ఇప్పుడు మాతో హద్దు తగాదా పడుతున్నది ఆయన మునిమనవలే. ఇంటిపేరు ఒకటే అయినా "మనకూ వాళ్లకూ ఏం లేదు" అనుకుంటూ మూడు తరాలు గడిపేశారు, మైల పట్టడం కూడా మరిచిపోయారు.

"అయితే రాజీ పడొచ్చేమో చిన్నాయనా" అన్నాను.

"దాయాదులని తెలిసినాక ఇంగ యాడ రాజీరా!" అన్నాడు.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక్కటే మిగిలింది, దేవుడికి ఇచ్చేసిన సంగతి. పదకొండు ఎకరాలు పోయింది అప్పులవాడికి, మిగతాది కొడుకులకి. మరి దేవుడికి ఏమిచ్చాడు? ఆంజనేయస్వామి గుడి పూజారిని అడిగితే మాన్యం కాగితాల్లో మా ఇంటిపేరు లేదన్నాడు. కాసేపు తల గోక్కుని, "గడప ముందర బండ మీద ఏందో రాసుండాది, చూసుకోండి" అన్నాడు.

నాపరాయి బండ, నాలుగడుగుల పొడవు ఉంటుంది. మా ప్రాంతంలో ఇంటి నేలకీ, ప్రహరీకీ అన్నిటికీ వాడే రాయే. మధ్యలో అరిగి గుంటపడింది. చిన్నాయన కుళాయి దగ్గర నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి పోశాడు. తడిసేసరికి ఒక పక్క అక్షరాలు తేలాయి. ఈశ్వర నామ సం॥, మా ఇంటిపేరు, మా అన్న పేరు, వేయించిన బండ. నెల, తిథి ఉండాల్సిన చోటంతా అరిగిపోయింది. ఈశ్వర అంటే ధాత తర్వాతి ఏడు. 1877లో అయితే ఆయన పాలు తాగే పిల్లవాడు, ఊరంతా కరువు. కాబట్టి 1937. చేను పోయిన పదకొండేళ్లకి, అరవై దాటాక, ఎవరి దగ్గర డబ్బు తెచ్చాడో ఏమో.

"చిన్నప్పటి నుంచి తొక్కుతాండా దీన్ని. మేస్త్రీ ఏదో గీసుకున్యాడనుకున్యా" అన్నాడు చిన్నాయన. లోపల పూజారి హారతికి గంట కొడుతున్నాడు. గుళ్లోకి వెళ్లాలంటే ఇంకో దారి లేదు. చిన్నాయన చెప్పులు విడిచి, తడిసిన బండ మీద కాలేసి లోపలికి నడిచాడు. నేను ఇవతలే నిలబడిపోయాను.

"రారా," అన్నాడు వెనక్కి తిరిగి, "తొక్కేదానికే గదా ఏసింది."