‘ఏ’ పెడల్ ఎడమనా, కుడినా?

శనివారం, నాష్‌విల్

కొత్త పెడల్ స్టీల్ గిటార్ కోసం తయారీదారుకు పంపవలసిన పత్రంలో చివరి వరకు ఖాళీగా ఉండిపోయిన గడి ఒక్కటే. చెక్క రంగు, పది తీగలు, మూడు పెడళ్లు, ఐదు మోకాలి లివర్లు అన్నీ వారం మధ్యలోనే రాసేశాను. ‘పెడళ్ల అమరిక: ఎమన్స్ లేదా డే’ (ఇద్దరు వాద్యకారుల పేర్లతో పిలిచే రెండు వరుసలు) అన్న చోట మాత్రం ఏమీ రాయలేకపోయాను. ఈ రోజు సెలవు కనుక, మధ్యాహ్నం గురువుగారి ఇంటికి వెళ్లి రెండు రకాల వాయిద్యాల మీదా కూర్చుని చూసి, రాత్రికి తేల్చుకోవాలనుకున్నాను. తేలింది. ఎలా తేలిందో మరచిపోకముందే రాసుకుంటున్నాను.

ఈ వాయిద్యం సంగతి తెలియని నా వాళ్ల కోసం ముందుగా దాని పనితీరు. నాలుగు కాళ్ల మీద బల్లలా నిలబడే గిటార్ ఇది. ఎడమ చేతిలోని ఉక్కు బార్ తీగల మీద జారుతుంది, కుడి చేతి వేళ్లకు తొడిగిన పిక్‌లు తీగలను మీటుతాయి, కుడి పాదం శబ్దాన్ని పెంచి తగ్గించే వాల్యూమ్ పెడల్ మీద ఉంటుంది. శ్రుతిని మార్చే పని ఎడమ పాదానిది, రెండు మోకాళ్లది: పాదం పెడళ్లను తొక్కుతుంది, మోకాళ్లు లివర్లను నెడతాయి. పెడల్ తొక్కితే దాని నిలువు కడ్డీ గిటార్ అడుగున ఉన్న అడ్డ షాఫ్ట్‌ను తిప్పుతుంది. ఆ షాఫ్ట్‌కు బిగించిన బెల్ క్రాంకులు అనే చిన్న మీటలు పొడవాటి కడ్డీలను లాగుతాయి. ఆ కడ్డీలు కుడి చివరన ఉన్న ఛేంజర్‌ను కదిలిస్తే అక్కడ తీగ బిగుసుకునో, వదులయ్యో స్వరం మారుతుంది. రాజమండ్రిలో చిన్నప్పుడు వీణ నేర్చుకున్నందువల్ల నాకు ఇందులో కొత్తగా అనిపించనిది ఒకటి ఉంది. మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించినప్పుడు అక్కడా బిగువే పెరుగుతుంది. అయితే వీణ మీద నా వేలు లాగగలిగింది ఆ క్షణానికి వాయిస్తున్న తీగనే. ఇక్కడ ఒక తీగ కదలకుండా నిలిచి మోగుతూ ఉండగా, దాని పక్కనున్న రెండు తీగలు వేర్వేరు దూరాలు పైకి జారి కొత్త కార్డులో, అంటే కలిసి మోగే కొత్త స్వరాల గుంపులో, కుదురుకుంటాయి. ఆ జారుడు మొదటిసారి దగ్గరగా విన్న రోజునే ఈ వాయిద్యం నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

కంట్రీ సంగీతంలో ఎక్కువగా వాడే ఇ నైన్త్ శ్రుతిలో నాలుగు, ఐదు, ఆరు తీగలు వరుసగా ఇ, బి, జీ షార్ప్ పలుకుతాయి (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు; షార్ప్ అంటే అర స్వరం పైన). మూడూ కలిస్తే ఇ మేజర్ కార్డు. ‘ఏ’ అనే పెడల్ ఐదో తీగను, పదో తీగను బి నుంచి సీ షార్ప్‌కు లేపుతుంది. బీ పెడల్ మూడో తీగను, ఆరో తీగను జీ షార్ప్ నుంచి ‘ఏ’ స్వరానికి లేపుతుంది. ఈ రెండూ కలిపి తొక్కితే బార్ కదలకుండానే ఇ మేజర్ కాస్తా ‘ఏ’ మేజర్ అవుతుంది. సీ పెడల్ నాలుగో తీగను ఎఫ్ షార్ప్‌కూ, ఐదో తీగను సీ షార్ప్‌కూ లేపుతుంది. దానిని బీ పెడల్‌తో కలిపితే ఎఫ్ షార్ప్ మైనర్ వస్తుంది. మోకాలి లివర్లలో ఒకటి నాలుగో తీగనూ ఎనిమిదో తీగనూ ఇ నుంచి ఎఫ్‌కు లేపితే, దాని జోడీ అవే తీగలను డి షార్ప్‌కు దించుతుంది. పెడళ్ల పేర్లు రెండు అమరికల్లోనూ ఇవే, అవి చేసే పనీ ఇదే. ఎమన్స్ అమరికలో ఎడమ నుంచి ఏ, బీ, సీ. డే అమరికలో సీ, బీ, ఏ. పైకి కనిపించే తేడా అంతే.

ఈ తేడా ఎక్కడిదో చెప్పాలంటే స్టీల్ గిటార్ వాద్యకారుడు బడ్ ఐజక్స్ దగ్గర మొదలుపెట్టాలి. కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ 1953 చివరలో రికార్డు చేసిన ‘స్లోలీ’ పాటలో ఐజక్స్ తీగలు మోగుతూ ఉండగానే పెడల్ తొక్కి, స్వరాలు జారడం వినబడనిచ్చారు. 1954లో ఆ పాట పెద్ద విజయం సాధించేసరికి స్టీల్ వాయించేవారందరికీ పెడల్ కావలసివచ్చింది. ఐజక్స్ గిటార్‌లో బి తీగలనూ జీ షార్ప్ తీగలనూ ఒకే పెడల్ కలిపి లేపేది. 1950ల రెండో సగంలో బడీ ఎమన్స్ ఆ పనిని రెండు పెడళ్లకు విడదీశారు. జిమ్మీ డే కూడా అలాగే విడదీశారు, కాని వరుసను తిప్పి పెట్టుకున్నారు. ఎమన్స్ ఇండియానాలోని మిషవాకాలో 1937లో పుట్టి, 1955లో గాయకుడు లిటిల్ జిమ్మీ డికెన్స్ బృందంతో నాష్‌విల్ చేరినవారు. డే 1934లో అలబామాలోని టస్కలూసాలో పుట్టి, ష్రీవ్‌పోర్ట్‌లోని లూసియానా హేరైడ్ రేడియో కార్యక్రమంలో పేరు తెచ్చుకున్నవారు. ఇద్దరూ గాయకుడు రే ప్రైస్ బృందంలో వాయించారు. ఎమన్స్ స్టీల్ వాద్యకారుడు షాట్ జాక్సన్‌తో కలిసి, ఈ గిటార్లు తయారుచేసే షో-బడ్ సంస్థను నెలకొల్పి, 1963లో తన పేరుతోనే మరో సంస్థను మొదలుపెట్టారు. ఇప్పుడు ఇక్కడి బ్రాడ్‌వే వీధిలో రాబర్ట్స్ వెస్ట్రన్ వరల్డ్ అనే బార్ ఉన్న భవనంలోనే ఒకప్పుడు షో-బడ్ దుకాణం ఉండేది. అటుగా వెళ్లిన ప్రతిసారీ, ఈ వాయిద్యం రూపం ఆ వీధిలోని మనుషుల అవసరాలను బట్టి ఒక్కొక్క మరగా పెరిగిందన్న సంగతి గుర్తుకు వచ్చి గౌరవం కలుగుతుంది. ఇద్దరు గొప్ప వాద్యకారులు ఒకే సౌకర్యాన్ని ఎదురెదురు దిక్కుల్లో పెట్టుకుని, ఇద్దరూ జీవితాంతం అద్భుతంగా వాయించారు కనుక, ఏ అమరిక సంగీతానికి మంచిదన్న ప్రశ్నకు జవాబు వెతకడం వృథా అనిపించింది. నా ఎడమ కాలికి ఏది మంచిదన్న ప్రశ్నే మిగిలింది.

బీ పెడల్ రెండింటిలోనూ మధ్యలో ఉండడానికి బలమైన కారణం ఉంది. ఏ, బీ కలిపి తొక్కాలి. బీ, సీ కలిపి తొక్కాలి. ఏ, సీ రెండింటినీ కలిపి తొక్కవలసిన అవసరం సాధారణంగా రాదు. ఒక పాదం వెడల్పు పక్కపక్కనున్న రెండు పెడళ్లకు సరిపోతుంది కనుక, రెంటితోనూ జతకట్టే బీ మధ్యలో కూర్చోక తప్పదు. మిగిలిన రెండూ అటూ ఇటూ మారవచ్చు. మారినప్పుడు మోకాలి లివర్లు కూడా సాధారణంగా తారుమారవుతాయి. ఎమన్స్ అమరికలో ఇ తీగలను లేపే లివర్‌ను మోకాలు ఎడమకు నెడుతుంది. డే అమరికలో అదే పనికి కుడికి నెడుతుంది. ‘ఏ’ పెడల్‌నూ ఆ లివర్‌నూ కలిపి వాడితే సీ షార్ప్ మేజర్ వస్తుంది. మూడో మెట్టు దగ్గర పెడళ్లేవీ తొక్కకుండా వచ్చే జీ మేజర్, ఆరో మెట్టు దగ్గర ఈ జోడీతోనూ, పదో మెట్టు దగ్గర ఏ, బీ పెడళ్లతోనూ మళ్లీ దొరుకుతుంది. మెడ పొడవునా ఒకే కార్డును వెతుక్కుంటూ పోయే మార్గానికి ఈ జోడీ నడిమి మజిలీ. అందుకే ‘ఏ’ పెడల్ ఎటువైపు ఉంటే మోకాలు కూడా అటువైపే వెళ్లేలా లివర్‌ను పెట్టారు. పాదం, పిక్క, మోకాలు అన్నీ ఒక్క ఒరుగుతో కదులుతాయి. ఈ తర్కం నాకు ఎంతో అందంగా అనిపిస్తుంది.

ఇక నా కాలు. కాలేజీ రోజుల్లో ఎడమ చీలమండ బయటి వైపు గట్టిగా బెణికింది. నడకకు ఇబ్బంది లేదు కాని, పాదాన్ని బయటి అంచు మీదికి వంచి నిలిపి ఉంచితే కొద్దిసేపటికే అక్కడ పట్టు సడలుతుంది. నేను ఇన్నాళ్లూ సాధన చేస్తున్న అద్దె గిటార్ ఎమన్స్ అమరికది. అందులో ‘ఏ’ పెడల్ ఒక్కదాన్నే తొక్కి ఉంచాలంటే, మోకాలు లివర్‌ను తాకకుండా, చీలమండ మాత్రమే ఎడమకు వంగాలి. వాయించేటప్పుడు నొప్పి తెలియదు. శ్రుతి మాత్రం తెలుపుతుంది.

గురువుగారు ఎమన్స్ అమరికలోనే జీవితమంతా వాయించినవారు. ఆయన మిత్రుడొకరు తన పాత డే అమరిక గిటార్‌ను ఈ రోజు అక్కడికి తెచ్చి పెట్టారు. నన్ను దేనివైపూ మొగ్గమని చెప్పకుండా, పెడల్‌ను వదిలేటప్పుడు వచ్చే శబ్దాన్ని విని నిర్ణయించుకోమని మాత్రం గురువుగారు అన్నారు. తొక్కేటప్పుడు అందరికీ బలం ఉంటుందనీ, ఒక పెడల్‌ను నిలిపి రెండోదాన్ని నెమ్మదిగా వదిలేటప్పుడే పాదం నిజం చెబుతుందనీ ఆయన మాట.

రెండింటి మీదా ఒకే చిన్న పలుకు వాయించాను. మూడో మెట్టు దగ్గర జీ మేజర్. ఏ, బీ తొక్కితే సీ మేజర్. బీ ఒక్కదాన్నే నెమ్మదిగా వదిలితే, ఏ నిలిచి ఉంది కనుక, ఇ మైనర్. అక్కడ నుంచి బార్‌ను ఆరో మెట్టుకు జార్చుతూ మోకాలి లివర్‌ను కలుపుకుంటే మళ్లీ జీ మేజర్. ఎమన్స్ గిటార్ మీద సీ మేజర్ చక్కగా వచ్చింది, జారుడు కూడా చక్కగా వచ్చింది. నడుమ ఇ మైనర్ దగ్గర, బీ పెడల్ పైకి లేస్తున్న కొద్దీ, దానితోపాటు ఏ పెడల్ కూడా వెంట్రుకవాసి లేచి, ఐదో తీగ తన స్వరం కంటే కిందికి వాలింది. మోకాలు ఎడమకు కదిలిన తర్వాత ఆ లోపం పోయింది, ఎందుకంటే అప్పటికి కాలు మొత్తం ఒరిగింది కనుక చీలమండ ఒంటరిగా వంగవలసిన పని తప్పింది. డే గిటార్ మీద అదే చోట పాదం బొటనవేలి వైపు అంచు మీద నిలిచింది. ఐదో తీగ ఇ స్వరానికి సరిసమానమైన ఎత్తులో, మరకు ఆనుకుని కదలకుండా మోగుతూ ఉండగా, ఆరో తీగ ఒక్కటే కిందికి దిగివచ్చింది. ఆ ఇ మైనర్ విన్నప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. అంతకాలం నా చేతిలో రాని స్వరం అది.

డే అమరికలో నాకు కష్టం లేకపోలేదు. బీ పెడల్ ఒక్కటే తొక్కాలంటే ఇప్పుడు బయటి అంచు వాడాలి. అయితే బీ పెడల్‌తో నేను ఎక్కువగా వాడేది ఇ తీగలను దించే లివర్ జోడీ. మూడో మెట్టు దగ్గర ఆ రెండూ కలిస్తే డి సెవెన్త్ వస్తుంది, అంటే జీ, సీ, డి సెవెన్త్ మూడూ బార్ కదలకుండానే దొరుకుతాయి. డే అమరికలో ఆ లివర్ ఎడమ వైపే ఉంటుంది కనుక కాలు మొత్తం అటు ఒరుగుతుంది, భారం చీలమండ మీద పడదు. బీ ఒక్కటే వాడే చోట్లు సాధారణంగా చిన్న అలంకారాలు, క్షణంలో వచ్చి పోతాయి. ఎక్కువసేపు నిలిపి ఉంచవలసిందీ, సగం తొక్కి సగం వదిలి సన్నగా పలికించవలసిందీ ఏ పెడలే. నా పాదంలో బలమైన అంచు ఏదో, ‘ఏ’ పెడల్ అక్కడే ఉండాలి.

అభ్యంతరాలను కూడా న్యాయంగా తూచాను. ఎమన్స్ అమరిక వాడేవారే చాలా ఎక్కువ. ఎవరి ఇంటికైనా, ఏ వేదిక దగ్గరికైనా వెళ్లి వారి గిటార్ మీద కూర్చునే అవకాశం నాకు బాగా తగ్గుతుంది. రేపు అమ్మదలిస్తే కొనేవారూ తక్కువ మందే దొరుకుతారు. పాఠాల వీడియోల్లో పాదాన్ని చూసి అనుకరించడం కుదరదు, అయితే ట్యాబ్‌లలో (ఏ తీగను ఏ మెట్టు దగ్గర మీటాలో చూపే రాతలో) పెడళ్లను అక్షరాలతోనే గుర్తిస్తారు కనుక రాసిన పాఠాలన్నీ యథాతథంగా పనికివస్తాయి. ఇప్పటికే ఎమన్స్‌కు అలవాటుపడిన పాదానికి కొన్నాళ్లు ఏ బదులు సీ తగులుతుంది. ఆ అవస్థ ఎంత ఉంటుందో ఈ మధ్యాహ్నమే రుచి చూశాను. వీటిలో నన్ను నిజంగా వెనక్కి లాగింది మొదటిది. నలుగురు కూడి వాయించుకునే చోట ఒకరి వాయిద్యం మీద మరొకరు కూర్చోవడంలో ఎంతో ఆత్మీయత ఉంది, దానిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. అయినా, ఇంట్లో రోజూ సాధన చేసే వాయిద్యం మీద నా శ్రుతి నిలబడడమే నాకు ముఖ్యం.

ఇంటికి వచ్చాక గడిలో ‘డే’ అని రాశాను. తర్వాత లివర్ల పట్టిక పని మిగిలింది. ఎడమ మోకాలు ఎడమకు నెడితే ఇ తీగలు డి షార్ప్‌కు దిగాలి, కుడికి నెడితే ఎఫ్‌కు లేవాలి. పైకి ఎత్తే లివర్ బి తీగలను అర స్వరం దించాలి. ఏ, బీ పెడళ్లు తొక్కి ఉండగా దానిని కలిపితే ‘ఏ’ మేజర్ కాస్తా ‘ఏ’ మైనర్ అవుతుంది, ఆ మార్పు లేకుండా నాకు గిటార్ వద్దు. కుడి మోకాలి కుడి లివర్‌కు రెండో తీగను డి షార్ప్ నుంచి డి మీదుగా సీ షార్ప్ వరకు దించే పనీ, తొమ్మిదో తీగను డి నుంచి సీ షార్ప్‌కు దించే పనీ అప్పగించాను. రెండో తీగ డి దగ్గర కాస్త ఆగినట్టు మోకాలికి తెలిసే బిగింపు కావాలని ప్రత్యేకంగా అడిగాను.

కుడి మోకాలి ఎడమ లివర్ గురించే కొంతసేపు తటపటాయించాను. మొదటి తీగను లేపే పనికి దానిని వాడేవారు చాలామంది. నేను ఆరో తీగను జీ షార్ప్ నుంచి ఎఫ్ షార్ప్‌కు దించే పని కోరుకున్నాను. బీ పెడల్ ఆ తీగనే ‘ఏ’ స్వరానికి లేపుతుంది. పెడల్ వదిలితే జీ షార్ప్. లివర్ నెడితే ఎఫ్ షార్ప్. నాలుగో తీగ, ఐదో తీగ కదలకుండా మోగుతూ ఉండగా ఒకే తీగ మూడు స్వరాల మీదుగా దిగివచ్చే ఆ నడక, వీణ మీద పెరిగిన నా చెవికి చాలా దగ్గరైనది. తీగ చుట్టిన ఆరో తీగ అయితే పూర్తి స్వరం దిగడానికి లివర్ చాలా దూరం కదలవలసి వస్తుంది. అందువల్ల ఆరో తీగగా చుట్టు లేని 0.020 అంగుళాల ఉక్కు తీగనే వేసి, దానికి తగ్గట్టు మరలు సరిచేసి పంపమని చివరి వరుసలో రాశాను.